ఎవరిదీ కాని కుక్క

పెరటి గుమ్మంలో కూర్చుని ఆమె మొగుడి ప్యాంటుకు అంటుకున్న ఉత్తరేణి ముళ్ళు ఒక్కొక్కటే పీకుతోంది. తెల్లవారుతుండగా అతను పెరటి గోడ దూకి వచ్చాడు, వెంట కుక్క లేకుండా ఒక్కడే. "మచ్చ ఏదీ?" అని అడిగితే "అరవకు" అన్నాడు. చెంబెడు నీళ్ళు తాగాక గానీ సంగతి బయటికి రాలేదు. జింక పడిందట. అంతలో ఫారెస్టు గార్డులు చుట్టుముట్టారట. వేటకు వెళ్ళినవాళ్ళంతా తలో దిక్కూ పరుగెత్తారట. మచ్చ మాత్రం పడిన జింక దగ్గర నుంచి కదల్లేదట. పిలుద్దామంటే గొంతు గుర్తుపడతారని పిలవలేదట.

"ఎవరొచ్చి అడిగినా మనకు కుక్క లేదు. అంతే. నోరు మెదపకు," అన్నాడు.

అతని భయం అతనిది. పోయినేడు ఒకసారి పట్టుబడ్డాడు. మళ్ళీ దొరికితే జైలేనని అప్పుడే చెప్పి పంపారు. జైలుకు వెళ్ళొచ్చినవాణ్ణి అతను పనిచేసే రంపపు మిల్లులో గేటు లోపలికి కూడా రానివ్వరు.

వీధి వైపు గచ్చు మీద గోళ్ళ చప్పుడైంది. ఓరగా వేసిన తలుపును ముట్టెతో తోసుకుని మచ్చ లోపలికి వచ్చింది. దాని మెడకు తాడుంది. తాడు రెండో కొస గార్డు చేతిలో ఉంది.

ఆమె ప్యాంటును చుట్ట చుట్టి దాని మీద కూర్చుంది.

మచ్చ తిన్నగా వెళ్ళి యజమాని పాదం మీద తల పెట్టింది. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"బాగా నడిపించావే తల్లీ," అన్నాడు గార్డు, గుమ్మంలోనే నిలబడి. "దారిలో ఇన్ని ఇళ్ళున్నాయా, ఒక్కచోటా ఆగలేదు. తాడు నేను పట్టుకున్నానో, తాడే నన్ను పట్టుకుందో తెలీలేదు. మీదేనా?"

"మాకు కుక్క లేదండీ."

"అది చెప్పాల్సింది అది చెప్పేసింది. ఇక నువ్వే."

అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఆవిడకు చూపు ఆనదు, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే కొడుకు ఆవిడకు ఏమీ చెప్పలేదు.

"వచ్చిందా మహాతల్లి? రాత్రంతా ఎక్కడ వెలగబెట్టావే మచ్చా?" అంటూ చేయి చాచింది. మచ్చ వెళ్ళి ఆ అరచేతి కింద ముట్టె దూర్చింది.

"పెద్దామె పేరు కూడా చెప్పేసింది," అన్నాడు గార్డు.

"మా అమ్మకు కళ్ళు కనబడవు సార్. ఏ కుక్కొచ్చినా మచ్చే."

"నా కళ్ళ సంగతెందుకురా. ఈ చెవి చిరుగు నా చేతికి తెలీదూ? నీ పెళ్ళామేగా మొన్న కట్టు కట్టింది."

"అమ్మా, నువ్వు పడుకో."

"ఇప్పుడేగా లేచాను."

గార్డుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"చూడు తమ్ముడూ. నాదేనని ఒప్పుకుంటే కుక్క ఇంట్లో ఉంటుంది, నువ్వు నాతో వస్తావు. ఎవరిదీ కాదంటే, వేట మరిగిన కుక్కను ఊళ్ళో వదలకూడదని మాకు ఆర్డరు. సాయంత్రం డాక్టరొచ్చి సూది వేసి చంపేస్తాడు. నాకేం సరదా కాదు." అతను ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీదేనా?"

కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు గుడ్డపీలిక పాలలో ముంచి దాని నోట్లో పిండింది ఆమే. మాట గొంతు దాకా వచ్చింది. మొగుడు రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కింద ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆమె కదల్లేదు.

"ఆయన చెప్పారుగా," అంది చివరికి.

గార్డు తాడు లాగాడు. మచ్చ నాలుగు కాళ్ళూ నేలకు అదిమిపట్టి ఇంటివాళ్ళనే చూస్తోంది.

"వీధి చివర జీపుంది. అక్కడి దాకా కాస్త తెచ్చిపెట్టు తమ్ముడూ. మీది కాకపోయినా నీ మాట వినేట్టుంది."

అతను తాడు అందుకున్నాడు. "పద," అన్నాడు. ఆ ఒక్క మాటకే మచ్చ తోక ఊపుకుంటూ కదిలింది. మళ్ళీ వేటకు బయల్దేరామనుకుంది కాబోలు, ఇద్దరికంటే ముందు గుమ్మం దాటింది.

అతను తిరిగొచ్చి తలుపు గడియ పెట్టాడు. "జీపు కూడా అదే ఎక్కింది, ఎత్తాల్సిన పని లేకుండా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తరవాత గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. "గండం గడిచింది. కుక్కదేముందిలే. ఇంకో పిల్లను తెస్తా, నువ్వే పెంచుదువుగాని."

"ఏదిరా అది? ఇప్పుడేగా ఇక్కడుంది. ఎక్కడికి పంపావు?" అంది అత్త, ఖాళీ చేయి ఇంకా చాచే ఉంచి.

ఆమె లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. కొంగుతో మొహం తుడుచుకుని చెప్పులు వేసుకుంది. గడియ తీసింది.

"ఎక్కడికి?"

ఆమె తలుపు తెరిచింది.

"నిన్నే. అక్కడికెళ్ళి నోరు విప్పావంటే నా బతుకేమవుతుందో తెలుసా?"

అతను చేయి చాచి గుమ్మానికి అడ్డం పెట్టాడు. ఎదురింటివాళ్ళు అరుగు మీద కూర్చుని ఇటే చూస్తున్నారు. ఇంటి ముందుకు గార్డు ఎందుకొచ్చాడా అని అప్పటికే చెవులు కొరుక్కుంటున్నారు. గొంతు పెంచడానికి లేదు, రెక్క పట్టుకుని లోపలికి లాగడానికీ లేదు. చాచిన చేయి దానంతటదే కిందికి దిగింది.

ఆమె అతన్ని దాటుకుని మెట్టు దిగి, జీపు వెళ్ళిన వైపుకు నడిచిపోయింది.