జ్ఞానసుందరి బొంత కొలత

నెల్లిమర్ల జూట్ మిల్లు పొద్దుటి కూత కూసేసరికి జ్ఞానసుందరి టీనీళ్ళు దించి, దబ్బనం పట్టుకుని వీధి అరుగు మీద కూర్చునేది. దబ్బనం అంటే గోనెసంచులు కుట్టే పెద్ద సూది. బొంతలు అందరూ మామూలు సూదితోనే కుడతారు. ఈవిడ భర్త మిల్లులో సంచులు కుట్టి కుట్టి పోయాడు. ఆయన తాలూకు ఇంట్లో మిగిలింది ఆ దబ్బనమే.

బొంత ఎలా కుడతారో కూడా చెప్పాలి, చూడనివాళ్ళుంటారు. ఒంటి మీద నలిగి మెత్తబడ్డ చీరలూ పంచెలూ నాలుగు పొరలుగా పరుస్తారు. అంచు మడుస్తారు. చుట్టూ వరసలు వేసుకుంటూ నడిమికి వస్తారు. కొత్త గుడ్డను దగ్గరికి రానివ్వరు. జ్ఞానసుందరి పద్ధతిలో మరొకటుంది. ఒక్కో వరస ఇంట్లో ఒక్కొక్కరిది. ఆ వరస వేసినంతసేపూ ఆ మనిషి పేరు చెప్పి ప్రార్థన చేసేది. కుట్టు తప్పితే ప్రార్థన మళ్ళీ మొదటికొచ్చేది.

అలా కుట్టుకున్న ఇంటి బొంత, ఇంటిమనుషులు ఎంతమంది దూరితే అంత పెరిగేది. బయటివాళ్ళు కప్పుకుంటే పిక్కల దగ్గర ఆగిపోయేది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కాళ్ళు బయటపెట్టుకునే కునుకు తీసి, టీ తాగి వెళ్ళేవారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. వాన కురిస్తే చూరు కారుతుంది, జ్ఞానసుందరి బొంత పెరుగుతుంది, అంతే.

చిన్నకొడుకు సత్యం మిల్లులో మగ్గం పని. పాతపట్నం దగ్గర కూలిచేసుకునే ఇంటి నుంచి అసిరమ్మను చేసుకొచ్చాడు. అసిరమ్మ దేవుళ్ళు వేరు, బాప్తీసం తీసుకోలేదు. పేటలో నలుగురూ నాలుగు మాటలన్నారు. జ్ఞానసుందరి మాత్రం బొంత తెచ్చి పిల్ల మీద కప్పింది. అది పాదాలు దాటి ఇంకో జానెడు జారింది.

"సరిపోనాది. లోనికి రా" అంది అత్త.

పెద్దకొడుకు డేవిడ్‌రాజు గురించి చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు, ఎందుకంటే మనిషిలో ఎక్కువేమీ లేదు. మిల్లు ఆఫీసులో గుమాస్తా. ఎండైనా వానైనా కోటు. దేవుడికి తెలుగు సరిగా రాదన్నట్టు ఆయనతో సగం ఇంగ్లీషులో మాట్లాడేవాడు. గుడిలో అందరూ మోకాళ్ళ మీద ఉంటే ఇతనొక్కడూ నిలబడి ప్రార్థించేవాడు. వంగితే ప్యాంటు ఇస్త్రీమడత చెడుతుందని ఇంట్లోవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళు దాన్ని నిష్ఠ అనుకున్నారు. అలా అనుకున్నవాళ్ళే ఇతన్ని చర్చి సంఘానికి సెక్రటరీని చేశారు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వానల్లో సత్యం పచ్చకామెర్లతో పోయాడు. నెల తిరక్కుండానే అన్నకు తమ్ముడి గది మీద కన్ను పడింది. సెక్రటరీ అన్నవాడికి బల్లా కుర్చీ వేసుకునే గది ఉండాలట.

"అసిరమ్మను వాళ్ళ అన్న దగ్గరికి పంపించేద్దామమ్మా. బాప్తీసం లేని మనిషి మన కుటుంబం ఎలా అవుతుంది? సంఘంలో నాకొక ప్రెస్టీజు ఉంది" అన్నాడు.

"ఆ అన్నే తిండికి లేక ఒలసెల్లిపోనాడు. రెండేళ్ళ పిల్లనేసుకుని ఇది ఎక్కడికెల్తాదిరా?" అంది తల్లి.

డేవిడ్‌రాజు పెళ్ళాం కాంతం వంటింట్లోంచి అందుకుంది. "ఎక్కడికెల్తే మనకేటి, అత్తా? రైలు టిక్కట్టు మనమే కొందుం కదా!" అదే పెద్ద దానం అన్నట్టు.

అసిరమ్మ పిల్లను చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పొమ్మంటే పోతాను బావా. ఆ గదిలో మీ తమ్ముడి సొక్కా ఉన్నాది. అది ఒక్కటీ ఇచ్చీండి."

జ్ఞానసుందరి దబ్బనం పక్కన పెట్టింది. "ఎవులు ఇంటి మనుసులో నువ్వూ నేనూ సెప్పడమేటిరా డేవిడూ? ఆదోరం పాస్టరుగారినీ పెద్దల్నీ పిలువు. బొంత సెప్తాది. ముందు నువ్వు కప్పుకో, తరవాత అసిరమ్మ కప్పుకుంటాది. ఎవులికి సాలకపోతే ఆల్లు పోవాల."

డేవిడ్‌రాజు ముఖం మాడిపోయింది. తమ్ముడి గదిని మనసులో కొలుచుకున్న రోజు నుంచీ బొంత తనకు రోజుకింత తగ్గుతోంది. అప్పటికే మడమలు దాటి పిక్కల దాకా వచ్చింది. సంగతి తనకూ కాంతానికీ మాత్రమే తెలుసు.

ఉపాయం కాంతానిదే. "దానికేటి, ఒక గజం గుడ్డ అతికించెయ్యండి. కొలత కొలతే కదా."

తల్లి ఇంట్లో లేనప్పుడు చూసి బొంతను బజార్లో దర్జీ సోములు దగ్గరికి పట్టుకెళ్ళాడు. సోములు కోరాగుడ్డ చింపుతూ అన్నాడు, "బాబూ, కొత్త గుడ్డ తడిపి ఆరేసి కుట్టాల. నేకపోతే నీళ్ళు తగిలితే ముడుసుకుపోద్ది. పాతదాన్ని లాగేస్తాది."

"నాకు చెప్తావేమిటోయ్? నెల కిందటే దీని మీద గుడిలో ముప్పావుగంట మాట్లాడాను!" అన్నాడు డేవిడ్‌రాజు. మాట్లాడిన మాట నిజమే. పాత బట్టకు కొత్త మాసిక పనికిరాదన్న బైబిలు మాటను బల్ల గుద్ది మరీ చెప్పాడు. ఆ చెప్పడం ఎదుటివాళ్ళకి కదా, తనక్కాదు. అప్పటికప్పుడు కుట్టించి, పాతదిలా కనిపించాలని బొగ్గుమసి రుద్ది, తెచ్చి యథాస్థానంలో పెట్టేశాడు.

జ్ఞానసుందరి బొంత విప్పింది. అడుగున గరుగ్గా ఉన్న ముక్కను వేళ్ళతో తడిమింది. కొడుకు వైపు చూసింది. తన కుట్టేదో, మిషను కుట్టేదో తెలియని మనిషి కాదు.

"పెద్దలొస్తారు గదా. మురికి బొంత పరిస్తే బాగోదు" అని శనివారం చంపావతి ఏటికి పట్టుకెళ్ళి చాకలిసోడా వేసి ఉతికేసింది. డేవిడ్‌రాజు వద్దనలేడు. ఎందుకు వద్దో చెప్పాలి కదా మరి.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారూ ఇద్దరు పెద్దలూ వచ్చారు. డేవిడ్‌రాజు కోటు విప్పకుండానే చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళకు మేజోళ్ళు కూడా తొడిగాడు. బొంత పైకి లాక్కున్నాడు. ఉతికిన కోరాగుడ్డ ముడుచుకుపోయి కుట్టంతా ముడతలు ముడతలుగా ఉంది. సరిపోలేదు. కాళ్ళతో తన్నిపట్టి ఇంకొంచెం లాగాడు.

పర్రుమంది.

కొత్త ముక్క ఊడి మేజోళ్ళ మీద పడింది. బొంత తన దారిన తాను మోకాళ్ళ పైకి వెళ్ళిపోయింది. కుడి మేజోటి చిల్లులోంచి బొటనవేలు పెద్దలందరికీ దణ్ణం పెడుతున్నట్టు నిలబడింది. ఉతికినా మసి పూర్తిగా వదలని ఆ పీలికను పాస్టరుగారు అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, సెక్రటరీగారి పక్కనే పెట్టారు.

మగవాళ్ళ ముందు పడుకోవడానికి అసిరమ్మ సిగ్గుపడింది. గోడకు ఆనుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్త బొంతను ఆమె భుజాల మీద వేసింది. అది పిల్లను కప్పింది, అసిరమ్మ పాదాలను కప్పింది, నేల మీద పాకుతూ సత్యం గది గుమ్మం దాకా వెళ్ళి, గడప దాటి, లోపల ఆగింది.

"బాప్తీసం ఆవిడకూ దేవుడికీ మధ్య సంగతి. గది సంగతి తేలిపోయింది" అని పాస్టరుగారు టీ గ్లాసు అందుకున్నారు. రెండో పెద్దమనిషి సెక్రటరీ పుస్తకాలు ఎప్పుడు అప్పగిస్తారని అడిగాడు.

ఆ వారమే జ్ఞానసుందరి దబ్బనం కోడలి చేతికిచ్చింది. సత్యం చొక్కా కుట్లు విప్పి బొంతలో పొరగా పరిచారు. అసిరమ్మ తన గుమ్మంలో కూర్చుని మొగుడి పేరు చెప్పుకుంటూ వరస వేసింది. ఏ దేవుడికి చెప్పుకుందో అత్త అడగలేదు.

క్రిస్మస్ ముందు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం డేవిడ్‌రాజు చలిజ్వరంతో ఆఫీసు నుంచి వచ్చి, ప్యాంటు కూడా మార్చకుండా మంచమెక్కాడు. రగ్గు వేశారు, దాని మీద కోటు వేశారు, కాంతం దుప్పట్లన్నీ వేశారు. మంచం గడగడలాడుతూనే ఉంది.

"అమ్మా, బొంత" అన్నాడు, ఈసారి తెలుగులోనే.

తల్లి తెచ్చి కప్పింది. మోకాళ్ళ దగ్గర ఆగింది.

"నా వరస విప్పేశావా?" అన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

"నా సేత్తో ఏసిన పేరు నానెందుకిప్పుతానురా? నీ వరస అలాగే ఉన్నాది. బొంతేటీ తగ్గనేదు. కాళ్ళు ముడుసుకో."

ఇటు పొర్లాడు, అటు పొర్లాడు. చివరికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మోకాళ్ళు వంచి గుండెలకు ఆనించుకున్నాడు. బొంత వచ్చి కాలివేళ్ళ దగ్గర ఆగింది. ఒక్క అంగుళం ఎక్కువ రాలేదు. వణుకు తగ్గింది.

ఎదుట గది గుమ్మంలో అసిరమ్మ దబ్బనానికి దారం ఎక్కిస్తూ తలెత్తి చూసింది.

"బావా," అంది, "ప్యాంటు మడత సెడిపోతాది, సూసుకో."