దొర వేషం వేసినవాడు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో కట్టుకున్న పెళ్ళాం కూడా కాసేపు ఆలోచించి చెప్పాల్సి వచ్చేది. అందరికీ ఆయన దొర. దేశాన్ని తెల్లవాళ్ళు ఏలుతున్న రోజుల్లో, వాళ్ళని తిట్టిపోసే నాటకంలో దొర వేషం వేసేవాడు కాబట్టి ఆ పేరు. అసలు దొరలు ఓడలెక్కి చక్కాపోయారు. ఈ దొరకి పోవడానికి వేరే దేశం లేకపోయింది.

నాటకంలో గొప్ప కథేమీ లేదు. దొర పన్ను కోసం రైతుని బెత్తంతో బాదుతాడు. రైతు మూడంకాల పొడుగునా దెబ్బలు తింటూ ఉపన్యాసాలిస్తాడు. చివర్లో ఆ బెత్తం లాక్కుని, మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచి, "ఈ నేల మాది" అంటాడు. తెర పడుతుంది. రైతు వేషం కంపెనీ యజమాని బావమరిదిది. కొలిమితిత్తిలాంటి ఛాతీ, గంటలాంటి గొంతు. బుర్ర సంగతి ఎవరూ అడగలేదు, అవసరం రాలేదు. జనం అతన్ని వీరుడు అనేవారు.

దొర మాత్రం పని తెలిసిన నటుడు. తెల్ల అధికారి బంగళా గేటు ఎదురుగా పొద్దస్తమానం కూర్చుని ఆయన నడక చూశాడు, గుర్రం దిగడం చూశాడు, దణ్ణం పెట్టినవాడిని దాటుకుపోవడం చూశాడు. "కొట్టడం ఎవడైనా కొడతాడే. ఎదురుగా నిలబడ్డ మనిషి అక్కడ లేనట్టు చూడాలి చూడు, అదీ దొరతనం" అని భార్యకి చెప్పేవాడు.

"ఆ విద్య మీ అమ్మగారికి పుట్టుకతోనే వచ్చింది. ఆవిణ్ణి అడిగితే పోయేదిగా, ఎండలో కూర్చోవడమెందుకు?" అనేది ఆవిడ.

జనం ఆయన మీద చెప్పులు విసిరేవారు. ఒకసారి ఓ ముసలమ్మ ఏకంగా స్టేజీ ఎక్కి చెవి మెలిపెట్టింది. నొప్పికి కళ్ళనీళ్ళు తిరుగుతున్నా దొర మీసం కింద నవ్వుకున్నాడు. నటుడికి అంతకన్నా ఏం కావాలి?

ఒకనాడు రెండో అంకం మధ్యలో పోలీసులు వచ్చిపడ్డారు. "ప్రాణం పోయినా వెనుదిరగను" అన్న డైలాగు మీద ఉన్న వీరుడు, అది సగంలో వదిలేసి వెనక గోడ దూకి మేనత్తగారింట్లో అటకెక్కాడు. దొర కాళ్ళకి అరువు బూట్లు, అవీ బిగుతు. పరిగెత్తలేక దొరికిపోయాడు. రైతులా దెబ్బలు తినడం నేరం కాదనీ, దొరని నవ్వులపాలు చెయ్యడమే నేరమనీ మేజిస్ట్రేటు తేల్చాడు. వానాకాలమంతా దొర జైల్లో గడిపి, దగ్గు ఒకటి సంపాదించుకుని వచ్చాడు.

స్వాతంత్ర్యం వచ్చింది. జైలుకి వెళ్ళిన కళాకారులకి పతకాలిస్తారని తెలిసి దొర ఉతికిన చొక్కా తొడుక్కుని పతకాల కమిటీ ఆఫీసుకి వెళ్ళాడు. కమిటీ అధికారి మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు.

"జైలుకి వెళ్ళింది మీరే, కాదనను" అన్నాడు. "కానీ పేపర్లో ఫొటో ఎలా ఉంటుందో చూడండి. దొర మెడలో స్వాతంత్ర్య పతకం! జనం ఏమైపోవాలి?"

"నేను దొరని కాను బాబూ, నటుణ్ణి."

"ఆ ముక్క మీకు తెలుసు, నాకు తెలుసు. దేశానికి తెలియాలిగా?"

పతకం వీరుడికి వెళ్ళింది. సన్మానపత్రంలో చెరసాల చీకటి గురించీ, దగ్గుతెరల గురించీ చాలా చక్కగా రాశారు. అది చదువుతుంటే వీరుడు వలవలా ఏడ్చాడు. వెనక వరసలో కూర్చున్న దొర పక్కవాడితో అన్నాడు: "ఏడుపు సీను వాడికి ఇన్నాళ్ళకి పట్టుబడింది."

తర్వాత నాటకాన్ని బడి పుస్తకంలో పాఠం చేశారు. బొమ్మలో రైతు వెనక సూర్యుడు, దొర నోట్లో కోరలు. మనవరాలు ఆ పేజీ తెచ్చి పక్కన నిలబడింది.

"తాతా, నువ్వు మన దేశం కాదా?"

"మన దేశమేనమ్మా. పౌడరు వేరంతే."

పిల్ల నమ్మినట్టు లేదు. మొహం కడుక్కున్న తాతని చాలాసేపు పరీక్షగా చూసింది.

ఇలా ఉండగా వీరుడు ఎన్నికల్లో నిలబడి గెలిచాడు, మంత్రి అయ్యాడు. ఎవరో ఒకరు అవ్వాలి కదా, ఛాతీ ఉన్నవాడే అయ్యాడు. ఓ రోజు దొర ఇంటిముందు కారు ఆగింది. మంత్రిగారు రమ్మన్నారట.

అదే బంగళా. ఒకప్పుడు గేటు బయట నుంచి చూసిన వరండా మీద దొర మొదటిసారి కాలుపెట్టాడు. వీరుడు తలుపు వేయించి, దిగాలుగా సోఫాలో కూలబడ్డాడు.

"అన్నా, నా వల్ల కావట్లేదు. గుమాస్తాలు నన్ను చూసి లేవరు. వచ్చినవాడల్లా భుజం మీద చెయ్యేసి 'ఏరా రైతూ, ఆ డైలాగు ఒక్కసారి చెప్పు' అంటాడు. నిన్న ఒకడు నా కుర్చీలోనే కూర్చున్నాడు."

"ప్రజల మనిషివి కదా తమ్ముడూ."

"ఓట్లకి ప్రజల మనిషినే. ఆఫీసుకి అది పనికిరాదన్నా. నీకు తెలుసుగా వాళ్ళెలా చేసేవాళ్ళో... నేర్పు."

నటుడి దగ్గర విద్య అడిగితే కాదనడం, ఆకలిగొన్నవాడికి అన్నం లేదనడం లాంటిదే. పైగా ఇన్నేళ్ళలో ఆ విద్యని మెచ్చుకుని అడిగినవాడు ఇతనొక్కడే. దొర లేచి నిలబడ్డాడు.

"మనిషి లోపలికి రాగానే తలెత్తకు. రాస్తున్నది రాస్తూనే ఉండు."

"రాసేది ఏమీ లేకపోతే?"

"సంతకం ప్రాక్టీసు చేసుకో. వాడు దగ్గుతాడు. అప్పుడూ ఎత్తకు. రెండోసారి దగ్గాక కళ్ళు మాత్రం ఎత్తు, మెడ ఎత్తకు. 'చూద్దాం' అను. చూస్తాననకు. చూద్దాం! ఎవరు చూస్తారో వాడికి తెలియకూడదు."

వీరుడు తెలివైనవాడు కాదు గానీ కంఠస్థం బాగా వచ్చు. నెల తిరక్కుండా బంగళాలో గుమాస్తాలు గోడలకి అంటుకుని నడవడం మొదలుపెట్టారు. ఆ కబురు తెలిసి పక్క శాఖల వాళ్ళూ కారు పంపారు. మొన్నటిదాకా ఆ దొరల మీదే రాళ్ళేసి తలలు పగలగొట్టించుకున్నవాళ్ళు, బెత్తం ఏ చంకలో పెట్టుకోవాలో శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. దొరకి ఉద్యోగం కూడా ఇచ్చారు. హోదా పేరు "జాతీయ సంస్కృతి సలహాదారు."

స్వాతంత్ర్య వార్షికోత్సవానికి ఆ పాత నాటకం మళ్ళీ ఆడాలని మంత్రిగారికి బుద్ధి పుట్టింది. రైతు తనే, దొర దొరే. పెద్ద హాలు. ముందు వరసల్లో అధికారులు, వెనక జనం, జనంలో దొర పెళ్ళాం, మనవరాలు.

తెర లేచింది. రైతు ప్రవేశించాడు. చిరిగిన పంచె, భుజాన నాగలి. కానీ నడక! మడమ నొక్కి, గడ్డం పైకెత్తి, ఎవరినీ చూడకుండా నడిచొచ్చాడు. దొర తను నేర్పిన నడకని గుర్తుపట్టాడు. బెత్తం ఎత్తి, "పన్ను కడతావా లేదా?" అని గర్జించాడు.

రైతు తల తిప్పలేదు. రెండోసారి గర్జించాక కళ్ళు మాత్రం ఎత్తాడు.

"చూద్దాం" అన్నాడు.

డైలాగు అది కాదు. అయినా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఎవరు ఎవరిని కొడుతున్నారో స్టేజీ మీద ఇద్దరికీ అర్థం కాలేదు. దొర అడుగు వెనక్కి వేస్తూ బెత్తం ఎత్తడం, రైతు చిరాగ్గా చెయ్యి విదిలించడం. ఎలాగో మూడో అంకం దాకా ఈడ్చుకొచ్చారు.

రైతు బెత్తం లాక్కున్నాడు. మోకాలు పైకి లేవాలి. లేవలేదు. అలవాటైన చెయ్యి బెత్తాన్ని తీసుకెళ్ళి చంకలో పెట్టింది. వీరుడు స్టేజీ అంచుకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, జనాన్ని ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కలయజూశాడు.

"ఈ నేల మాది" అన్నాడు.

ముందు వరస లేచి నిలబడింది. దాన్ని చూసి రెండో వరస, ఆ వెనక మూడోది. కుర్చీలు కిర్రుమన్న చప్పుడు తలుపుల దాకా పాకింది. స్టేజీ మీద దొర కూడా, తనకి తెలియకుండానే, టోపీ తీసి చేత్తో పట్టుకుని ఒక మూలకి ఒదిగిపోయాడు.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ భార్యని అడిగాడు.

"అందరూ లేచారు. నువ్వూ లేచావా?"

"లేచాను."

"ఎందుకే? ఆయన మీద గౌరవమా?"

"గౌరవమా, నా మొహమా! గోడ దూకినవాడేగా." ఆవిడ విప్పిన బూట్లు మూలకి జరిపింది. "ఏమోనండీ. నేను లేవలేదు, కాళ్ళు లేచాయి. పిల్ల మాత్రం కూర్చునే ఉంది. నేనే చెయ్యి పట్టి లేపాను."

మర్నాడు పొద్దున్నే బంగళా కారు వచ్చి హారన్ కొట్టింది. ఆయన అరుగు మీదకి వచ్చి డ్రైవరుతో చెప్పాడు:

"నేర్పాల్సింది ఇంకేం మిగల్లేదని చెప్పు బాబూ. నేర్పింది మరిపించడం నాకు రాదు."