చక్రాల మీద కూర్చున్న రోజు

ఆ రోజు మా తమ్ముడి కొడుకు షాపులో నేను చేసిన పని ఒక్కటే. నాలుగు చక్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చి వాటి మీద కూర్చున్నాను. నలభై ఏళ్లుగా పని ముందు కూర్చున్నాను గానీ పని మీద కూర్చోవడం అదే మొదలు.

ఎందుకు కూర్చున్నానో చెప్తాను.

అవి కుట్టుపని చేసే ఒకావిడ కారు చక్రాలు. ఆవిడ దుకాణం మాకు నాలుగు వీధుల అవతల. కారూ పాతదే, చక్రాలూ పాతవే. అల్యూమినియంవి, పైన పూత లేనివి. ఇప్పటి చక్రాలకు ఫ్యాక్టరీలోనే గాజులాంటి పూత వేసి పంపుతారు. కడుక్కుంటే చాలు. పూతలేనివి ఒంటి మీద చొక్కా లేని మనిషి లాంటివి. ఎండా వానా బ్రేకుల మసీ నేరుగా ఒంటికే తగులుతాయి. వాటిని రుద్ది మెరిపించాలి, మెరుపు పోకుండా పల్చగా మైనం పట్టించాలి, రెండు నెలలకోసారి మళ్లీ పట్టించాలి. ఆరేళ్లుగా ఆవిడ చక్రాలకు ఆ సేవ చేస్తున్నది నేనే.

పూత ఉందో లేదో తేల్చడానికి కంటిని నమ్మకూడదు. తెల్లగుడ్డకు కాస్త పాలిష్ అద్ది చక్రం లోపలి అంచున, కనపడని చోట రుద్దాలి. గుడ్డ నల్లబడితే వట్టి లోహం. నల్లబడకపోతే పూత ఉన్నట్టు. గుడ్డ చూడనిదే చక్రానికి కడిగే మందు తగలకూడదని మా తమ్ముడు షాపు పెట్టిన రోజే అనుకున్నాం.

ఆ ఉదయం నేను పన్ను పీకించుకోవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి జరగకూడనిది జరిగిపోయింది. మా తమ్ముడి కొడుకు గుడ్డ చూడలేదు. కొత్తగా తెప్పించిన యాసిడ్ మందు నాలుగు చక్రాలకూ కొట్టేసి, ఫోన్‌లో మాట్లాడుతూ కడగడం మర్చిపోయాడు. చక్రాల నిండా బూడిద పూసినట్టు మచ్చలు, మధ్యలో కారిన చారలు. నేను మూడో తరగతి దాటలేదు. సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి చాలాసేపు పట్టింది. పూతలేని అల్యూమినియానికి వాడరాదని ఉంది. వాడు డిగ్రీ చదివాడు.

"ఏం కాదులే పెదనాన్నా. సిల్వర్ రంగు కొట్టి పైన క్లియర్ పూత కొట్టేస్తా. ఐదింటికి ఆవిడ వచ్చేలోపు ఆరిపోతుంది. కొత్తవాటిలా ఉంటాయి. ఇంక జన్మలో పాలిష్ అక్కర్లేదు, ఆవిడకీ సుఖమే."

"మరి మచ్చ?"

"రంగు కింద ఉంటుంది. ఎవరు చూస్తారు?"

"నేను చూశాను."

"చూసింది కడుపులో పెట్టుకో."

పన్ను పోయిన నోటితో నేను ఎక్కువ మాట్లాడలేను. పన్ను ఉన్నప్పుడూ మాట్లాడలేదనుకోండి. కానీ కాలిన లోహం మీద రంగు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క రాయి తగిలి పెచ్చు లేస్తే చాలు, నీళ్లు లోపలికి దూరతాయి. తర్వాత రంగు కింద తెల్లటి పురుగులు పాకినట్టు గీతలు పడతాయి. అప్పుడు మైనమూ పనికిరాదు, పాలిషూ పనికిరాదు. రంగంతా ఊడబెరికి మళ్లీ మొదటికి రావాలి.

వాడు రంగు కొట్టే కంప్రెసర్ వేశాడు. నేను చక్రాలు పేర్చి కూర్చున్నాను.

"లే పెదనాన్నా."

"లేవను."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నలభై ఏళ్లు కోసిన కత్తిపీటరా. దురద ఎప్పుడో అంటుకుంది."

వాడు స్ప్రే గన్ పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "నీ ప్యాంటుతో సహా కొట్టేస్తా."

"కొట్టు. నాకూ ఒక పూత పడుతుంది. వానల్లో పనికొస్తుంది."

వాడికి నవ్వు రాలేదు. కంప్రెసర్ ఆపి, నెమ్మదిగా అన్నాడు. "ఆవిడకి చెప్పావంటే, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. షాపు నాది."

షాపు వాడిదే. కాదనను. మూలన మెరుపు తెప్పించే బఫింగ్ మిషన్, దాని ముందు అరిగిన స్టూలు, గోడకు మేకుకు వేలాడే గుడ్డలు, ఇవి తప్ప నాకు వేరే చోటు లేదు. ఇంట్లో ఉంటే మా ఆవిడ ఒప్పుకోదు. "గిన్నెలు తోమి తోమి చిల్లులు పెడతావు, పనికి పో" అంటుంది. అయినా లేవలేదు. మూడు గంటలు అలాగే ఉన్నాను.

ఐదింటికి ఆవిడ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"ఏం అన్నయ్యా, చక్రాలకి కాపలానా, లేక పొదుగుతున్నావా?"

నేను లేచి, పై చక్రాన్ని వెలుతురు వైపు తిప్పాను.

"మచ్చలు పడ్డాయి. మావల్లే. గుడ్డ చూడకుండా మందు కొట్టాం."

మా వాడు ముందుకొచ్చాడు. "అదేం లేదక్కా, రంగు వేస్తే అస్సలు కనపడదు..."

"ఇస్త్రీలో కాలిన చొక్కా మీద పువ్వు కుట్టి డిజైనంటే నువ్వు తొడుక్కుంటావా బాబూ? పైన పటారం లోన లొటారం నాకొద్దు." ఆవిడ నా వైపు తిరిగింది. "పోతాయా?"

"పోతాయి. రుద్దాలి."

"ఎన్ని రోజులు?"

"నాలుగు."

"మూడు చెయ్యి."

"నాలుగు."

"నేనూ మా గిరాకీలకి ఇలాగే చెప్తాలే. సరే, అప్పటిదాకా కాళ్లున్నాయిగా." అని నడిచి వెళ్లిపోయింది.

వాడు గన్ బల్ల మీద పడేశాడు. "చెప్పేశావుగా. రేపు రాకు."

మర్నాడు ఎనిమిదింటికి వెళ్లాను. వాడు షట్టరు సగం ఎత్తి అడ్డంగా నిలబడ్డాడు.

"రావద్దన్నాను."

"చక్రాలు లోపలున్నాయి," అని వంగి వాడి చెయ్యి కింద నుంచి దూరాను. నా నడుముకు అది తేలిక కాదు. కానీ వాడు ఆపలేదు.

రోజుకొక చక్రం. ముందు ముతక గరుకు కాగితంతో, అంటే వాటర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూ, మచ్చ అడుగంటా పోయేదాకా. తర్వాత దానికంటే సన్నది, ముందు పడ్డ గీతలకు అడ్డంగా. ఆ గీతలు పోయాక ఇంకా సన్నది. అప్పుడు మిషన్. అప్పుడు సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, మైనం. మూడు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. నాకది కష్టమనిపించలేదు.

నాలుగో రోజు పొద్దున నాలుగో చక్రం తీసుకెళ్లి వాడి ముందు పెట్టాను.

"ఇది నీది."

"నాకు పనుంది."

"ఇదే పని. మందు కొట్టిన చెయ్యే రుద్దాలి."

"మిషన్ మీద పది నిమిషాల్లో అయిపోతుంది కదా!"

"మచ్చ తియ్యకుండా మిషన్ ఎక్కిస్తే మచ్చ కూడా మెరుస్తుంది."

వాడు చొక్కా చేతులు మడిచాడు. గంటకోసారి చూపించాడు. "చాలా?" "చాలదు." మళ్లీ "చాలా?" "చాలదు." మూడోసారి పేపర్ విసిరికొట్టాడు. కిందపడ్డ పేపర్‌కు ఇసుక అంటుతుంది, మళ్లీ రుద్దితే లోతు గీత పడుతుంది. కొత్తది తీసి ఇచ్చాను. గొణుక్కుంటూ తీసుకున్నాడు. మధ్యలో ఇద్దరు గిరాకీలొస్తే, "రేపు రండి, పనిలో ఉన్నా" అని వాడే పంపేశాడు.

సాయంత్రం నాలుగు దాటాక మైనం తుడిచాం. చక్రాలు బిగించాం. ఆవిడ వచ్చి కారు చుట్టూ తిరిగి, వంగి, ఒక్కో చక్రంలో మొహం చూసుకుంది. వాడు చక్రాలను కాకుండా నన్ను చూస్తున్నాడు. అందులో వాడు రుద్దింది ఏదో చెప్పడానికి నాకు తేడా కనపడలేదు మరి.

కారు వెళ్లాక వాడు నల్లబడ్డ చేతులు కడుక్కుంటూ, కుళాయి వైపే చూస్తూ అడిగాడు.

"రేపు వస్తావా పెదనాన్నా?"

"అడక్కపోయినా వస్తాను," అన్నాను.