ముక్కాలిపీటను జరిపిన మనిషి

పాలు కాచాలి. అత్తయ్య మాత్ర, టిఫిన్ తర్వాత వేసుకునేది, మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టాలి. ఆయన నీలం చొక్కాకి ఊడిన గుండీ కుట్టాలి. రెండు క్యారేజీలు సర్దాలి. గ్యాస్ బుక్ చెయ్యాలి. ఆఫీసుకెళ్లాక, మేం తయారు చేస్తున్న ఆట నాలుగో అంచెలో, అంటే నాలుగో లెవెల్లో, ఒక తలుపు తెరిస్తే మళ్లీ మూసుకోవడం లేదట, అది చూడాలి. సాయంత్రం ఐదులోపు, ఆట చివర్లో వచ్చే పేర్ల పట్టికలో ‘మూల ఆలోచన’ అన్న చోట ఒక పేరు రాసివ్వాలి.

ఇంటి పనులు తొమ్మిదింటికల్లా అయిపోయాయి. తలుపు సంగతి మధ్యాహ్నానికి తేలింది. చివరిదే మూడు వారాలుగా తేలడం లేదు.

పొద్దున గుండీ కుడుతుంటే ఆయన పక్కన నిలబడి, “పట్టికలో నా పేరు ఇంటిపేరుతో సహా పెట్టు. మా ఆఫీసులో అందరికీ చెప్పేశాను” అన్నారు. హాల్లో అత్తయ్య ఫోన్‌లో ఎవరికో చెబుతున్నారు. “మా కోడలికేమమ్మా, ఆఫీసుకెళ్లి ఆటలాడుకుంటుంది. ఇంట్లో గిన్నెలతో ఆడుకునేది నేను.” ఆ గిన్నెలు అప్పటికే నేను తోమి బోర్లించాను. దారం కొరికి చొక్కా ఇచ్చేశాను.

కంప్యూటర్ ఆటలు తయారు చేసే చిన్న కంపెనీలో పని చేస్తాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఎత్తుకు పైఎత్తు వేసే ఆటలు మావి. గళ్ల నేల మీద మన సైన్యం, అవతలి సైన్యం, వంతులవారీగా కదలికలు, ఎవరు ముందు ఎవర్ని చంపితే వాళ్లది గెలుపు. రెండేళ్ల కిందట నేనొక ఆట రాసుకెళ్లాను. అందులో సైన్యం లేదు, కత్తి లేదు. నాలుగు గదుల ఇల్లుంటుంది. ఇంట్లో ఒక కోపిష్టి ఉంటాడు. అతను వెయ్యబోయే మూడడుగులు ముందే నేల మీద ఎర్రగా కనిపిస్తాయి. అతన్ని కొట్టడానికి వీల్లేదు, ఆపడానికి వీల్లేదు. వస్తువులు జరపొచ్చు, మనుషుల్ని ఏదో పని మీద పక్క గదికి పంపొచ్చు. అతని చెయ్యి లేచే గడిలో ఆ క్షణానికి ఎవరూ ఉండకూడదు, అంతే. ఆరు వంతులు అలా నెట్టుకొస్తే తెర మీద ‘గెలిచారు’ అని రాదు, ‘ఇవాళ్టికి గడిచింది’ అని వస్తుంది.

మా టీమ్ లీడ్ కాగితాలు రెండుసార్లు తిరగేసి, “ఇంతవరకు ఎవరూ ఇలా ఆలోచించలేదండీ. ఎక్కడి నుంచి వచ్చింది మీకిది?” అని అడిగాడు.

మా నాన్న నుంచి అని ఎలా చెప్పను? సాయంత్రం నాన్న చెప్పుల చప్పుడు వినగానే మా అమ్మ గది మొత్తాన్ని ఒక్క చూపు చూసి, బిందె ఇటు జరిపి, నన్ను దేనికో పక్కింటికి పంపేసేది. అలా పధ్నాలుగేళ్లు. కాలేజీలో చేరిన కొత్తలో నేను అమ్మని నిలదీశాను కూడా, “నీకసలు నోరు లేదా? ఎదురు తిరగడం రాదా?” అని. అమ్మ నవ్వి, “నువ్వు చదువుకో తల్లీ” అంది. నాన్న పోయి ఆరేళ్లయ్యాక, రోజంతా ఎత్తులూ పైఎత్తులూ రాసుకునే ఉద్యోగంలో కూర్చున్నాక గానీ, అమ్మ చేసింది ఏమిటో నాకు అర్థం కాలేదు.

లీడ్‌తో మాత్రం, “మా ఆయన చదరంగం బాగా ఆడతారండీ, చూసి చూసి వచ్చింది” అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ మాట ఇంట్లో చెబితే ఆయన మురిసిపోయారు. వారం తిరిగేసరికి ఆట ఆయనదైపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

మూడు వారాల కిందట ఆటను చూడ్డానికి బయటి వాళ్లు వచ్చారు. అందరూ కోట్లు వేసుకుని రావాలన్నారు. నా కోటు అమ్మ దగ్గర ఉండిపోయింది. అమ్మ ఒక పెద్ద భవనంలో మెట్ల కింద గదిలో ఉంటూ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పెళ్లైన కొత్తలోనే ఆయన నాకు నేర్పారు, “మీ అమ్మ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఇంట్లోనే ఉంటారని చెప్పు. అబద్ధమేం కాదుగా, మెట్ల కింద ఉన్నా ఇల్లు ఇల్లే.” నేనూ అలాగే చెబుతూ వచ్చాను.

అమ్మ కోటు తీసుకుని ఆఫీసుకే వచ్చేసింది. మడత నలక్కుండా రెండు చేతుల మీదా మోసుకుంటూ, తిన్నగా మేమున్న హాల్లోకి. అప్పటికి వచ్చిన పెద్దమనుషులు ఏడో అంచెలో ఇరుక్కుపోయి ఉన్నారు. తెర మీద గుమ్మంలో కూర్చుని ఒక పిల్ల లెక్కలు చేసుకుంటోంది, ఎర్రగళ్లు తిన్నగా ఆ పిల్ల దాకా ఉన్నాయి. అందరూ పిల్లని లోపలికి లాగుతున్నారు, ఓడిపోతున్నారు. నవ్వులు, మళ్లీ మొదలు. లీడ్ ముఖం వాడిపోయింది.

అమ్మ తెర వైపు చూసి, నా వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, “పిల్లని లాగొద్దయ్యా. లాగితే అటే చూస్తాడు. ఆ ముక్కాలిపీట తలుపు దగ్గరికి జరుపు. కూర్చుంటాడు. కూర్చున్న మనిషి వెంటనే లేవడు. అప్పుడు పిల్లని మంచినీళ్లకి పంపు.”

ఆడుతున్నాయన అలాగే జరిపాడు. ‘ఇవాళ్టికి గడిచింది.’ హాలంతా చప్పట్లు. ఆ అంచెకి నేను పెట్టిన దారి ఐదు ఎత్తులది. అమ్మది రెండు.

“అబ్బో! ఎవరండీ ఈవిడ?” అన్నాడు లీడ్. అందరూ నా వైపు తిరిగారు. అమ్మ చీర చెంగు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఒకటుంది. నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

“మా బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడండీ” అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అది ఇంకా నా మనసులోంచి పోవడం లేదు.

అమ్మ నా ముఖంలో ఏం చదివిందో, గది మొత్తాన్ని ఒక్క చూపు చూసింది, వెనకటి చూపే. కోటు కుర్చీకి తగిలించి, “అవునండీ, బట్టలిచ్చి పోదామని వచ్చాను. వస్తానమ్మగారూ” అని నాకు చెప్పి వెళ్లిపోయింది. అమ్మగారూ అంది నన్ను! నా మీద పడాల్సింది ఖాళీ గడిలో పడేటట్టు, ఈసారి అమ్మ పీటని కాదు, తనని తాను జరుపుకుంది. ఆ ఎత్తు నాకు తప్ప ఆ హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆ కోటు తొడుక్కుని రెండు గంటలు మాట్లాడాను. వెచ్చగా ఉంది అప్పటికింకా.

ఇవాళ నాలుగున్నరకి అమ్మకి ఫోన్ చేశాను. “అమ్మా, నీ పేరు పూర్తిగా ఎలా రాయాలి?”

“నా పేరెందుకే?”

“ఆటలో వెయ్యడానికి. ఆ ఆలోచన నీదని.”

అవతల ఇస్త్రీపెట్టె దింపిన చప్పుడు. “మీ ఆయనకి చెప్పావా?”

“లేదు.”

“మరి ఇంటికెళ్లాక?” అప్పుడే నాకోసం ఏం జరపాలా అని చూస్తోంది.

“అమ్మా, ఆ రోజు హాల్లో నేను...”

“కోటు మడత నలిగిందా?”

“లేదమ్మా.”

“అయితే సరే. రాసుకో” అని, ఒక్కో అక్షరం నిదానంగా చెప్పింది, పక్క గదిలో ఎవరైనా వింటారేమో అన్నట్టు. రాసి పంపించేశాను. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది.

ఇంటికెళ్లాక ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన మాటలు మూడు వరసలు ముందే ఎర్రగా కనిపిస్తున్నాయి, వాటి వెనక అత్తయ్యవి. ఈసారి నేనేదీ జరపను. గుమ్మంలో నిలబడే చెబుతాను.

మీరెప్పుడైనా మా ఆట ఆడితే, చివర్లో పేర్లు గబగబా పైకి వెళ్లిపోతాయి, ఎవరూ చదవరు, నేనూ చదవను. ఓర్చుకుంది పాపం అని ఆవిడని పొగడొద్దు. ఏడో అంచెలో ముక్కాలిపీటను తలుపు దగ్గరికి జరిపినప్పుడు, దాన్ని మొదట జరిపిన మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. మా అమ్మ.