రెక్క కింద నా చెయ్యి

"నా బనీన్లు ఎక్కడున్నాయ్?" అని అరిచాడు మా ఆయన. అరిచిన మనిషి నిలబడింది బీరువా ముందే. మూడో అరలో కుడిపక్కన, అని వంటింట్లోంచే చెప్పాను. పన్నెండేళ్లుగా అవి అక్కడే ఉన్నాయి. దొరికిన సంతోషంలో "రాత్రికి గిన్నెలు నేను తోమి నీకు సాయం చేస్తాలే" అన్నాడు. మంచివాడే, పాపం. తను తిన్న కంచం తను కడుక్కుంటే అది నాకు సాయమెలా అవుతుందో ఇన్నేళ్లలో ఆయనకు ఒక్కసారీ అనుమానం రాలేదు. నాకు వచ్చింది. అడగలేదు, అంతే.

నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే మా అత్తగారు కుర్చీలోంచి చూసి నవ్వారు.

"ఆ బాంబరు విమానం నాకంటే రెండేళ్లు పెద్దదన్నావు కదే. దానికి కొత్త ఇంజన్లట! నా మోకాళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు."

"దానికి ఎనిమిది ఇంజన్లు అత్తయ్యా, మీకు రెండే మోకాళ్లు."

"ఉన్న రెండే ప్రాణం తీస్తుంటే ఎనిమిదా, నా తల్లే!"

నేను పనిచేసేది ఆ పాత బాంబర్లకు ఇంజన్లు మార్చే షెడ్డులో. కొత్త ఇంజన్ని క్రేనుతో రెక్క కిందికి ఎత్తి నాలుగు బోల్టులతో బిగిస్తాం. మూడు అందరికీ కనిపిస్తాయి. నాలుగోది వెనకాల ఉంటుంది, చిన్న కంతలోంచి చెయ్యి పెట్టాలి. దాని వాషరుకు ఒక పక్క అంచు చెక్కి ఉంటుంది. ఆ పక్క బోల్టు తలవైపు ఉండాలి, తిరగబడితే బోల్టు సరిగా కూర్చోదు. కంటికి కనబడదు కాబట్టి గోటితో తడిమి తెలుసుకోవాల్సిందే. అందుకే చూపుడువేలి గోరు ఒక్కటీ పెంచాను. మగవాళ్ల చేతులు ఆ కంతలో పట్టవు. "చెల్లెమ్మా, ఒక్కసారి నీ చెయ్యి!" అని కేకేస్తారు. నాలుగు విమానాలు, ముప్ఫై రెండు ఇంజన్లు, ముప్ఫై రెండు సార్లూ నా చెయ్యే. బిగించినవాళ్లు సంతకం చేసే పుస్తకంలో మాత్రం ప్రతిసారీ మా సూపర్‌వైజరు పేరే. నేను చేసింది సాయమట. ఇంట్లో ఆయన చేసేదీ సాయమే, ఇక్కడ నేను చేసేదీ సాయమే. మరి అసలు పని ఎవరిదమ్మా, అని బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే ఒళ్లు మండింది. ఇన్‌స్పెక్టరు పరీక్షకు కూర్చోవాలంటే ఆ పుస్తకంలో నావి ఎనిమిది సంతకాలు ఉండాలి. షెడ్డులో మిగిలింది ఒకే ఒక్క బాంబరు, ఎనిమిది ఇంజన్లు. ఇవాళ మొదటిది. ఇవాళ నోరు మూసుకుంటే ఆ పరీక్ష ఇక ఈ జన్మకు లేదు.

షెడ్డులో ఇంజన్ పైకి లేచింది. మూడు బోల్టులు పడ్డాయి.

"చెల్లెమ్మా, చెయ్యి!" అన్నాడు సూపర్‌వైజరు.

"పుస్తకంలో నా సంతకం పెట్టనిస్తారా సార్?" అన్నాను.

"ఇప్పుడు సంతకాలేంటమ్మా? మనమంతా ఒక కుటుంబం కదా!"

"అందుకే అడుగుతున్నా సార్. కుటుంబంలో ఏం జరుగుతుందో నాకు తెలుసు."

క్రేను నడిపేవాడు కిసుక్కున నవ్వాడు. సూపర్‌వైజరుకు రోషం పొడుచుకొచ్చింది. "ఏం, నీదేమైనా బంగారపు చెయ్యా? నేను చెయ్యలేనా?" అంటూ చొక్కా చేతులు మడిచి కంతలో చెయ్యి దూర్చాడు. మణికట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ఇద్దరు నడుం పట్టుకుని లాగితే కెవ్వుమన్నాడు. చివరికి నేనే గ్రీజు డబ్బా తెచ్చి, ఇరుక్కున్న ఉంగరం తీసినట్టు, "బిగబట్టకండి సార్, వదులుగా ఉంచండి" అంటూ మెల్లగా బయటికి లాగాను. చెయ్యి వచ్చింది.

కాసేపటికి పుస్తకం తెప్పించాడు. "చేసినవాళ్లే సంతకం పెట్టాలి, ఆ మాత్రం నాకు తెలీదా ఏంటి" అని గొణుగుతూ నా ముందు పెట్టాడు. నేను ముందు వాషరు అందుకున్నాను. కళ్లు మూసుకుని, లోపల గోటితో అంచు తడిమి చూసుకుని, బోల్టు తిప్పాను. బిగువు సరిపోతే మా స్పానరు టిక్కుమంటుంది. టిక్కుమంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! చెయ్యి తుడుచుకుని సంతకం చేశాను, ఒక్క అక్షరం మింగకుండా, ఇంటిపేరుతో సహా.

సూపర్‌వైజరు గ్రీజు చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతావామ్మా?"

"ఇంకా లేదు సార్," అన్నాను. "ఇవాళ సాయంత్రం నుంచి."