సున్నా రాయమన్నారు

నేను ఒక తెల్లబోర్డును. రాసింది తుడిస్తే పోవాలని చర్లపల్లి ఫ్యాక్టరీలో నా ఒంటికి ఈ నునుపు పెట్టారు. మనుషులకు ఇంతకంటే నచ్చే గుణం ఉండదు. మొదట చీరాలలో ఒక ట్యుటోరియల్లో ర్యాంకులు మోశాను. తప్పినవాళ్ళ పేర్లు నా మీద ఎప్పుడూ పడలేదు. అది మూతపడ్డాక, ఆ ఊరి నేతగాళ్ళు డబ్బు దాచుకునే పుష్కల సహకార బ్యాంకు వాళ్ళు నన్ను కొని మీటింగు గదిలో నిలబెట్టారు.

ఖాతాదారుల వివరాలను కంప్యూటరు దొంగల నుంచి కాపాడేందుకు బ్యాంకు ఒక సలహా కంపెనీని ఎంచుకోవాల్సి వచ్చింది. కంప్యూటర్లు చూసే ఆఫీసరు హైమావతి రెండు కంపెనీల చరిత్రను నా మీద పక్కపక్కన రాసింది. సరళ కంపెనీ మీద గతంలో మూడు దాడులు జరిగాయి. ఎలా జరిగాయో, ఎలా ఆపారో, ఎవరెవరికి చెప్పారో వాళ్ళే విప్పి చెప్పారు. అభేద్య కంపెనీకి సున్నా.

చైర్మన్ వీరరాఘవయ్య గారు గారె తుంచుతూ, "మూడుసార్లు దొంగలు పడ్డోళ్ళకా మన తాళాలిచ్చేది? ఏందమ్మా నువ్వు!" అన్నారు.

"అభేద్య పెట్టి ఏడాదన్నా కాలేదు సార్. దొంగలు పడినా వాళ్ళకి తెలిసుండదు," అంది హైమావతి.

"పెళ్ళిచూపుల్లో మా పిల్లకి మూడు జబ్బులున్నాయని ఎవరన్నా చెప్పుకుంటారా?" అన్నాడు ఒక డైరెక్టరు.

చేతులన్నీ సున్నాకే లేచాయి. అభేద్య వాళ్ళు టైలు కట్టుకొని వచ్చి నా మీద పెద్ద తాళం బొమ్మ వేసి వెళ్ళారు. బొమ్మ బాగానే కుదిరింది.

మూడు నెలలు తిరక్కముందే ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు దొంగల చేతిలో పడ్డాయి. అది తమ పరిధిలోకి రాదని అభేద్య వాళ్ళు తేల్చేశారు. దొంగలు బ్యాంకు మేనేజర్లమంటూ ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి ఓటీపీ అడుగుతున్నారు. అందరికీ చెప్పేద్దామని హైమావతి బతిమాలింది. చైర్మన్ గారు ససేమిరా అన్నారు. సర్వసభ్య సమావేశం రోజు నన్ను వేదిక మీద మేనేజరు కుర్చీ పక్కన నిలబెట్టి, హైమావతిని 'ఈ ఏడాది దాడులు' అన్న మాట పక్కన సున్నా రాయమన్నారు. ఎంతమంది నేతగాళ్ళ కష్టార్జితం పోతుందోనని నాకు ఒళ్ళు మండింది గానీ, బోర్డుకు నోరెక్కడిది?

హైమావతి పెన్ను తీసింది. 'ఒకటి. మన వివరాలు దొంగల చేతిలో ఉన్నాయి. ఎవరికీ ఓటీపీ చెప్పకండి' అని రాసింది. చైర్మన్ గారు డస్టరుతో రుద్దారు, ఆనక కండువాతో రుద్దారు. పోలేదు. అది పార్సిళ్ళ మీద రాసే చెరగని పెన్ను. ఆ పాపానికే ఇప్పుడు జనరేటరు షెడ్డులో గోడ వైపు తిరిగి ఉన్నాను. ఉంటే ఉన్నాను.

ఆ రోజు చైర్మన్ గారు ఇంకా రుద్దుతూ ఉండగానే, ముందు వరసలో కూర్చున్న మగ్గం నేసే రవణమ్మ ఫోను మోగింది. అవతలి మాట వింటూనే ఆమె నా మీది రాతను ఇంకోసారి కూడబలుక్కుని చదివింది.

"మేనేజరువా? మేనేజరు ఇక్కడ నా ముందరే చెమటలు కక్కుతా కూర్చోనుండాడు. పెట్టెయ్‌రా ఫోను!"