ఎర్రగీతకు బెత్తెడు పైన

ఆనకట్ట ఆఫీసులో, సరిగ్గా అధికారిణి ముందున్న బల్ల మీద, వలల తాత బక్కెట్టు బోర్లించేశాడు. ఒకటా రెండా! వేలెడంత చేపపిల్లలు వందకు పైగా జారి కాగితాల మీదా, టీ కప్పు పక్కనా పడ్డాయి. ఒక్కటీ తోక ఆడించలేదు.

“బతికున్నది ఒక్కటుంటే చూపించండి! వల వెయ్యడానికి పోతే కింద నీళ్లేవీ? అన్నీ రాళ్లే. మీ రాతల్లో మాత్రం నది భేషుగ్గా పారుతోంది!”

కొలతమ్మ ఒక చేపపిల్లను చేతిలోకి తీసుకుంది. పదకొండేళ్లుగా రోజూ పొద్దున ఆరింటికి ఆనకట్ట దిగువన కొలబద్ద చూసి నీటిమట్టం రాసే మనిషి ఆమె. అందుకే అందరికీ కొలతమ్మ అయిపోయింది. ఆ బద్ద మీద ఒక ఎర్రగీత ఉంది. నీళ్లు దాని కిందికి దిగాయంటే నది వాటా నదికి దక్కడం లేదని లెక్క. వెంటనే కాలువ గేటు మూసి, నీళ్లు నదిలోకి వదలాలి. గీత పైన ఉన్నంతసేపూ కాలువకు తీసుకోవచ్చు. నిబంధన అంతే. గేటు తిప్పేది ఆమె అక్క మొగుడు.

తనిఖీకి వచ్చిన అధికారిణి చేపల్ని చూసి ముక్కు మూసుకోలేదు, అందుకు మెచ్చుకోవాలి. రిజిస్టరు తెరిచి చూసి బావ వైపు తిరిగింది.

“కొలత బాగుంది. నదిలో నీళ్లు లేవు. అంటే కొలత తీసే వేళకు నీళ్లు వదిలి, ఆ తరవాత మొత్తం కాలువకు మళ్లిస్తున్నారు. అంతేనా?”

“పిల్లల మీద ఒట్టు మేడమ్! మా మరదలు ఫోన్లో ‘బావా, బెత్తెడు పైనుంది’ అంటే కాలువ నింపుతాను. అంతకు మించి నాకేం తెలీదు.”

“అదేదో విచారణలో చెప్పుకోండి. ముందు గేటు తాళాలు ఇటివ్వండి.”

బావ తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. కొలతమ్మకు ఒళ్లు మండిపోయింది. బావకు నోటి దురుసెక్కువే, మరదల్ని ఏడిపించందే పూట గడవదు. అయినా నీళ్లు దొంగిలిస్తాడా? ఛీ, ఎంత మాట!

“నా కొలత అబద్ధం చెప్పదు మేడమ్. రండి, మీ కళ్లతో మీరే చూద్దురు గాని!”

నలుగురూ గట్టు దిగారు. బద్ద దగ్గర నీళ్లు తళతళలాడుతున్నాయి. ఎర్రగీతకు సరిగ్గా బెత్తెడు పైన.

“చూశారా!” అంది కొలతమ్మ గర్వంగా.

“ఇంకో వంద అడుగులు రా తల్లీ,” అన్నాడు వలల తాత.

ఆమె వెళ్లి చూసింది. నది లేదు. తెల్లటి గులకరాళ్లు, పగిలిన బురద, అక్కడక్కడా తట్టెడు గుంటల్లో పొట్టలు పైకి తేలిన చేపలు. తను రోజూ కొలిచే నది, కూతవేటు దూరంలో చచ్చి పడుంది.

“అమ్మో, ఏమిటిది!”

అధికారిణి రిజిస్టరు మళ్లీ తిరగేసింది. “ఇరవై మూడు రోజులు ఒకటే అంకె. పారే నీళ్లు ఇలా కదలకుండా ఉంటాయామ్మా?”

కొలతమ్మ ఆ అంకెల వెంట వేలు పోనిచ్చింది. ఆ అంకె చూసుకుని, బావ గేటు ఎంత జాగ్రత్తగా తిప్పుతున్నాడో అని ఇన్నాళ్లూ మురిసిపోయింది! వెనక్కి తిరిగి బద్ద వైపు చూసింది.

గట్టు నుంచి బద్ద పాతిన బండ దాకా వరసగా తొమ్మిది రాళ్లు. పోయిన చలికాలం నాచు మీద జారి ఆమె చెయ్యి విరిగితే, “నా కూతురి కాలు తడవకూడదు” అని నాన్న పేర్చిన దారి. రోజూ పైనుంచి నడవడమే గాని, కింది వైపు నుంచి ఆమె ఎన్నడూ చూడలేదు. ఇటు నుంచి అది దారి కాదు. గోడ! నాన్న నలభై ఏళ్లు తాపీ పట్టిన మనిషి. సందు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. సందుల్లో చిల్లరాళ్లు కూరి, సిమెంటు మెత్తి, “చుక్క కారదు చూడు!” అన్నాడు. తనేం చేసింది? పకపకా నవ్వింది. నది నిండుగా ఉన్నన్నాళ్లూ నీళ్లు ఆ రాళ్ల మీదుగా దూకిపోయాయి. ఎండలకు నది సన్నబడి, గట్టుకూ బండకూ మధ్యనున్న ఒక్క పాయలోకి దిగాక, గోడ వెనక నిలిచిపోయాయి. తను కొలిచింది నదిని కాదు, నాన్న కట్టిన తొట్టిని.

ఇంకా ఎవరూ గమనించలేదు. తాళాల గుత్తి అధికారిణి చేతిలో ఉంది. బావ నేల చూపులు చూస్తున్నాడు. నోరు మూసుకుంటే నాన్న పరువు, తన ఉద్యోగం రెండూ నిలుస్తాయి. బావ పోతాడు, నది పోతుంది. కొలతమ్మ అధికారిణి ముందుకు వచ్చి నిలబడింది.

“తాళాలు ఆయనకిచ్చేయండి మేడమ్. ఆ గోడ మాది. మా నాన్న కట్టాడు, నేను దాని మీద నడిచాను. తప్పుడు కొలత నాది.”

బావ తల ఎత్తి గోడ వైపు చూశాడు.

ఆమె నాన్నకు ఫోన్ చేసింది. “గునపం పట్టుకుని రా నాన్నా. ఎందుకని అడక్కు.”

వచ్చి, ఎండిన నదినీ చేపలనూ చూసి ఆయన గట్టు మీద చతికిలబడ్డాడు. “నువ్వు పడకూడదనే కదమ్మా...” అన్నాడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. గునపం అందుకోబోతే ఆయన ఇవ్వలేదు.

“మూడో రాయి ముందు కదపాలి. దాన్నే గట్టిగా బిగించాను,” అని తనే నీళ్లలోకి దిగాడు.

పది పోట్లకు రాయి ఊడింది. నీళ్లు భళ్లున దూకాయి. బద్ద మీద తడి చార వదిలి మట్టం దిగింది, దిగింది, ఎర్రగీత దాటి ఇంకా దిగింది. కొలతమ్మ చెప్పులు విప్పి, నాచు మీద అడుగేసి, మోకాళ్ల లోతు నీళ్లలో బద్ద దాకా నడిచింది.

“బావా! గీతకు రెండు బెత్తలు కింద! కాలువ గేటు మూసెయ్యి!”

తాళాలు అందుకుని బావ పరుగెత్తాడు. అధికారిణి రిజిస్టరు ముందుకు చాపింది. ఆ ఇరవై మూడు అంకెల కింద, కొలతమ్మ ఇరవై నాలుగోది రాసింది.

“జాగ్రత్తమ్మా, పడతావు!” అని నాన్న చెయ్యి అందించాడు.

“పడనీ నాన్నా,” అంది ఆమె.